వెండి లాకెట్‌లో ఎల్‌ఈడీ

నిప్పుతో పని మొత్తం ముగిశాకే వైరు ముట్టుకోవాలి. సర్క్యూట్లకు వాడే తగరం-సీసం సోల్డర్ (వైర్లు అతికే లోహం) వెండి మీద చుక్క మిగిలి, మళ్లీ గ్యాస్ టార్చ్ మంట తగిలిందా, ఆ చోట వెండిని తినేసి గుంటలు పెడుతుంది. పాలిష్‌కి పోయే రకం కాదు.

బ్యాటరీ సీఆర్ 2032: 3 వోల్టులు, 20 మి.మీ. వెడల్పు, 3.2 మందం. దాని పక్క గోడంతా ప్లస్సే, మైనస్ ముఖం అంచుకు వెంట్రుకవాసి దూరం. లోహాల్లో వెండిని మించిన వాహకం లేదు కదా, బ్యాటరీ కూర్చునే వెండి గూడు ప్లస్, మైనస్ రెండింటినీ తాకితే షార్టే. గూడు కాస్త వదులుగా చేసి లోపల కాప్టన్ టేపు (కరెంటు పారనివ్వని టేపు) అతికించాలి.

ఎర్ర ఎల్‌ఈడీకి 220 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటును తగ్గించే భాగం) పెడితే రెండు రోజులకే బ్యాటరీ ఖాళీ. 1 కిలో ఓమ్ పెట్టండి, మెడలో ఆ వెలుగు చాలు. నీలం జోలికి నేనైతే పోను, బ్యాటరీ కొంచెం దిగగానే మసకబారుతుంది.

లాకెట్ మీద తిరిగే గడియారం చక్రాలు కూడా పెడితే, వాటికి రివెట్టే (తల పరిచి బిగించే తీగ ముక్క) మేలు. 0.8 మి.మీ. తీగ, 0.85 రంధ్రం. చక్రం కింద సన్నని కాగితం ముక్క పెట్టి, తీగ తలను చిన్న సుత్తితో చుట్టూ తడుతూ పరచాలి. తర్వాత నీళ్లలో నానబెట్టి కాగితం లాగేస్తే చక్రం తిరిగేంత సందు మిగులుతుంది. కాగితం మరిచిపోతే చక్రం బిగుసుకుపోతుంది, మళ్లీ డ్రిల్లే గతి.

బ్యాటరీ మూతకు స్క్రూ తప్పనిసరి. పిల్లలు ఆ బిళ్ల మింగితే ప్రాణం మీదికొస్తుంది.