ఎత్తైన చోటు పట్టుకుంటే కొలత కాదు

ఈఈజీ (తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడులోని విద్యుత్ అలలను గీతలుగా నమోదు చేసే పద్ధతి) పరిశోధన పత్రం ఏది చేతికి వచ్చినా నేను మొదట ఫలితాల జోలికి పోను. మెదడు ప్రతిస్పందనను ఎలా కొలిచారో చెప్పే పేరా కోసం వెతుకుతాను. ఏ ఎలక్ట్రోడ్ దగ్గర కొలిచారు, ఏ మిల్లీసెకను నుంచి ఏ మిల్లీసెకను వరకు తీసుకున్నారు, ఎన్నిసార్ల సగటు అది, ఈ హద్దులు తరంగాన్ని చూడకముందు పెట్టుకున్నవా, చూశాక పెట్టుకున్నవా? ఇవి చెప్పకపోతే బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా నాకు నమ్మకం కుదరదు. రోజూ ఈ రికార్డింగుల మధ్యే పని చేస్తాను కాబట్టి ఈ విషయంలో కాస్త పట్టుదల మనిషినే.

మనం వెతికేది ఎంత చిన్నదో ముందు చెప్పాలి. ఒకే స్థాయి బీప్‌లు వరసగా వినిపిస్తూ, మధ్య మధ్య వేరే స్థాయి బీప్ ఒకటి వేస్తాం. ఆ వేరేదాన్ని మాత్రమే లెక్కపెట్టమంటాం. అది వినిపించిన దాదాపు 300 మిల్లీసెకన్ల తర్వాత, లేదా ఇంకొంచెం ఆలస్యంగా, నడినెత్తికి కాస్త వెనుక ఉండే పీజెడ్ ఎలక్ట్రోడ్ దగ్గర ఒక ధన తరంగం లేస్తుంది. అదే పీ300. శామ్యూల్ సట్టన్ బృందం 1965లో దీన్ని వెల్లడించింది. దాని ఎత్తు సాధారణంగా కొన్ని మైక్రోవోల్టులు (వోల్టులో పది లక్షలో వంతులు), మహా అయితే పది, ఇరవై. అదే మనిషి ఒక్కసారి రెప్ప వేస్తే నుదుటి దగ్గరి గీతలు వంద మైక్రోవోల్టులు దాటి ఉబుకుతాయి, వెనక్కి వెళ్లేకొద్దీ ఆ ఉబ్బు తగ్గుతుంది. పళ్లు బిగిస్తే గీతలన్నీ దట్టంగా నల్లబడతాయి. కళ్లు మూసుకుంటే తల వెనుక భాగంలో సెకనుకు పది చొప్పున ఆల్ఫా అలలు బారులు తీరతాయి. హాన్స్ బెర్గర్ 1929లో మానవ ఈఈజీని ప్రపంచానికి చూపించినప్పుడు అందులో ప్రధానంగా కనిపించిన అలలు ఇవే. ఎన్నిసార్లు చూసినా ఇవి తెర మీదికి వచ్చే క్షణం నాకు ఇష్టం.

ఇంత రొదలో, అంటే మనకు అక్కర్లేని ఈ విద్యుత్ అలజడిలో, ఆ చిన్న తరంగం ఒక్క బీప్‌తో కనబడదు. జార్జ్ డాసన్ 1947లో ఒక ఉపాయం చేశాడు: ఒకే ఉద్దీపనకు (బీప్ లాంటి ప్రేరణకు) వచ్చిన గీతలను ఫొటోలో ఒకదాని మీద ఒకటి పడేటట్టు తీశాడు. ఉద్దీపనతో ముడిపడింది ప్రతిసారీ ఒకే చోట పడుతుంది, మిగతాది చెల్లాచెదురవుతుంది. 1951 నాటికి ఆయన అదే పనిని యంత్రంతో కూడిక చేయించాడు. ఇప్పుడు మనం చేసే సగటు అదే. రొద మాత్రం మనం కోరినంత వేగంగా తగ్గదు, వర్గమూలం లెక్కన తగ్గుతుంది. ఒక్కసారికి 20 మైక్రోవోల్టుల రొద ఉంటే, 25 సార్ల సగటులో 4 మిగులుతుంది, 100 సార్ల సగటులో 2 మిగులుతుంది. సగానికి తగ్గించాలంటే నాలుగింతలు రికార్డు చేయాలి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అరుదైన బీప్‌లు తక్కువ, మామూలు బీప్‌లు ఎక్కువ. అంటే అరుదైన వాటి సగటులో రొద ఎక్కువ మిగులుతుంది. ఇప్పుడు రెండు తరంగాల్లోనూ అత్యంత ఎత్తైన బిందువు తీసుకుని పోల్చారనుకోండి. రొద ఎక్కువ ఉన్న గీతలో ఎత్తైన బిందువు ఇంకాస్త ఎత్తుకే పోతుంది, ఎందుకంటే మనం వెతికిందే ఎత్తును. మెదడు ఏమీ చేయకపోయినా తేడా పుట్టుకొస్తుంది. అందుకే నేను ముందే నిర్ణయించిన కాల పరిధిలో సగటు వోల్టేజీనే కొలుస్తాను. రొద దాన్ని పైకీ కిందికీ కదిలిస్తుంది గానీ ఒకే పక్కకు లాగదు. తరంగం చూశాక తేడా బాగా కనబడే చోట పరిధి గీయడం కూడా నా దృష్టిలో శిఖరం వెతకడం లాంటిదే.

సమయం సంగతి మరొకటి ఉంది. ఒక మనిషిలో పీ300 ఒకసారి 320 మిల్లీసెకన్ల దగ్గర, ఇంకోసారి 420 దగ్గర వస్తే, సగటు తరంగం పొట్టిగా, వెడల్పుగా అవుతుంది. ఏ ఒక్క బీప్‌కూ మెదడు అలా స్పందించలేదు. వయసు పైబడిన కొద్దీ ఈ తరంగం ఆలస్యమవుతుందని తెలిసిందే. అలాంటప్పుడు పొట్టి శిఖరాన్ని చూసి ప్రతిస్పందన బలహీనపడిందని రాయడం తొందరపాటు, అది వచ్చే సమయం నిలకడ తప్పి ఉండవచ్చు. విడివిడి ప్రయత్నాలను రంగుల పట్టీలుగా ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తే ఈ సంగతి కంటికి కనబడుతుంది. (బొమ్మ చూసేటప్పుడు అక్షం ఎటు ఉందో కూడా చూడండి. కొన్ని ప్రయోగశాలలు రుణ వోల్టేజీని పైకి గీస్తాయి.)

ఈ క్రమశిక్షణ నాకు బాగా నచ్చేది పసిపిల్లల వినికిడి పరీక్షలో. నిద్రపోతున్న శిశువు చెవిలో క్లిక్‌లు వినిపించి, మెదడు కాండం నుంచి మొదటి 10 మిల్లీసెకన్లు, పసివాళ్లలో ఇంకాస్త తర్వాతి వరకు, వచ్చే తరంగాలను రికార్డు చేస్తారు. అవి తరచు ఒక మైక్రోవోల్ట్ కూడా ఉండవు కాబట్టి వేల క్లిక్‌ల సగటు కావలసి వస్తుంది. తరంగాలను కంటితో చదివేవాళ్లు ఒక్క సగటును నమ్మి గుర్తు పెట్టరు. మళ్లీ రికార్డు చేసి, రెండు గీతలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండింటిలోనూ ఒకే చోట లేచిన తరంగాన్నే ప్రతిస్పందనగా ఒప్పుకుంటారు. మన ప్రయోగాల్లో అందుకు మళ్లీ రికార్డింగు కూడా అక్కర్లేదు. సరి సంఖ్య బీప్‌ల సగటును, బేసి సంఖ్య బీప్‌ల సగటును వేరు వేరుగా గీసి పక్కపక్కన ప్రచురిస్తే చాలు. అది ప్రతి పత్రంలోనూ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.