కోపమా, భయమా?

బెలూన్ టప్పుమని పగిలింది. అక్క కవలలిద్దరూ ఒకేసారి గుక్కపట్టారు. బాబుని ఎత్తుకుని "అబ్బో, వీడికెంత కోపమో!" అన్నాను. పాపని దగ్గరికి తీసుకుని "భయపడ్డావా తల్లీ" అన్నాను. ఏడుపు మాత్రం ఒకటే, ఎర్రబడ్డ ముక్కుతో సహా.

1976లో అమెరికాలో ఇదే ప్రయోగం చేశారు. వీడియోలో ఒకే బిడ్డ. పెట్టెలోంచి బొమ్మ ఎగిరొస్తే ఏడుస్తుంది. మగబిడ్డ అని చెబితే చూసినవాళ్లకి కోపం ఎక్కువ కనిపించింది, ఆడబిడ్డ అంటే భయం.

అలాగని అంతా పెంపకమే అనలేను. 2002 నాటి ఇంకో ప్రయోగంలో మగ కోతులు బంతి, కారు బొమ్మలతో ఎక్కువసేపు గడిపాయి. వాటికెవరు నేర్పారు? ఆడ కోతులేమో వంటగిన్నెతో (కోతికి గిన్నెతో ఏం పనో!).

అక్క నవ్వింది. "నిజానికి వీడే పిరికోడు రా."