ముంబై మసాలా టోస్ట్: గొడవంతా నీటితోనే

మధ్యాహ్నం అన్నం తింటే రెండింటి మీటింగ్‌లో కునుకు ఖాయం. అందుకని ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో లంచ్‌కి మసాలా టోస్ట్ శాండ్‌విచ్ చేసుకోవడం మొదలుపెట్టాను. ఉద్యోగానికి ముంబైలో ఉన్నప్పుడు ఫోర్ట్ వైపు ఫుట్‌పాత్ బండ్ల దగ్గర అలవాటైన రుచి. అక్కడ కరెంటు మెషీన్ లేకుండానే, పొడుగు పిడులున్న రెండు అల్యూమినియం పలకల మధ్య బ్రెడ్ బిగించి, బొగ్గుల మీదో గ్యాస్ మీదో తిప్పుతూ కాలుస్తారు. హైదరాబాద్ వచ్చాక బేగంబజార్‌లో అలాంటి టోస్టరే కొన్నాను. అంచులు నొక్కుకుని మూసుకుపోతాయి, లోపలి బంగాళాదుంప కూర బయటికి రాదు. గ్రిల్ మెషీన్ ఎవరైనా ఊరికే ఇచ్చినా నాకొద్దు.

చేయగా చేయగా తెలిసిందేమిటంటే, ఇందులో పనంతా నీటిని అదుపులో పెట్టడమే. కీరదోస, టమాటా, ఉల్లిపాయ, ఉడికించిన బీట్‌రూట్, అన్నీ నీళ్లూరేవే. వేడి తగిలితే ఆ నీరంతా బ్రెడ్‌లోకే పోతుంది.

ముందు చట్నీ సంగతి. ఒక కట్ట కొత్తిమీర, గుప్పెడు పుదీనా, నాలుగు పచ్చిమిర్చి, అల్లం ముక్క, జీలకర్ర, నల్ల ఉప్పు, నిమ్మరసం. వీటితోపాటు రెండు చెంచాల పుట్నాల పప్పు తప్పనిసరి. తడి పీల్చుకుని చట్నీని గట్టిగా నిలబెట్టేది అదే. మిక్సీ తిరగకపోతే నీళ్లకు బదులు ఒక ఐస్ ముక్క వేస్తాను, ఆకుపచ్చ రంగు కూడా చెడదు. చెంచా తిరగేసినా చట్నీ జారిపడకూడదు.

బంగాళాదుంప కూర మన మసాలా దోశ కూరకి దగ్గరి చుట్టమే. కాకపోతే దోశ కూరలో నీళ్లు చిలకరించి మెత్తగా చేస్తాం, ఇక్కడ చుక్క పడకూడదు. దుంపలు పొద్దున్నే ఉడకబెట్టి బాగా చల్లారనిస్తాను. ఆవాలు, ఇంగువ, పచ్చిమిర్చి, పసుపు పోపులో చిదిమి వేసి, ముద్ద బాణలిని వదిలేదాకా వేయిస్తాను. ఇదంతా చూసి మా అత్తయ్యగారు, ‘‘రెండు బ్రెడ్ ముక్కలకి ఇంత తతంగమా, ఉప్మా చేసుకుంటే పోయేదిగా అమ్మా’’ అన్నారు. సగం శాండ్‌విచ్ మాత్రం తిన్నారు.

బ్రెడ్‌కి ముందు బటర్, ఆ తర్వాతే చట్నీ. బటర్ అంచుల దాకా రాయాలి, తడి లోపలికి దిగకుండా అడ్డుపడేది అదే. అమూల్ బటర్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి చట్నీలో ఉప్పు తగ్గించుకోవాలి. కూరగాయ ముక్కలు పల్చగా తరిగి పొడి బట్ట మీద పరుస్తాను. ముందే ఉప్పు చల్లితే నీరు వదిలేస్తాయి. అందుకే వేయించిన జీలకర్ర, మిరియాలు, సోంపు, ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి), నల్ల ఉప్పు కలిపిన మసాలా పొడిని సరిగ్గా మూసే ముందు చల్లుతాను. చీజ్ మీ ఇష్టం. నాకైతే అది మసాలా రుచిని మింగేస్తుందనిపిస్తుంది.

టోస్టర్‌ని ఖాళీగా కాస్త వేడిచేసి, బ్రెడ్ బయటి వైపులా బటర్ రాసి బిగిస్తాను. మంట మధ్యస్థం కంటే తక్కువ. మొదట చుయ్యిమని శబ్దం వస్తుంది. పై తడి ఆవిరయ్యేదాకా ఆ పొర వేడి 100 డిగ్రీలు దాటదు, ఎర్రబడాలంటే దాటాలి. కాబట్టి గడియారం చూడను. ఆ శబ్దం సన్నబడ్డాక తిప్పుతాను. పెద్ద మంట పెడితే బయట మాడుతుంది, లోపల దుంప చల్లగానే ఉంటుంది.

తీసిన వెంటనే ప్లేట్‌లో పెడితే అడుగున ఆవిరి పట్టి మెత్తబడుతుంది. జాలీ మీద రెండు నిమిషాలు ఉంచి, నాలుగు ముక్కలు కోసి, పైన సన్న సేవ్ (శనగపిండి కారప్పూస) చల్లుకుని తినాలి. బాక్స్‌లో పట్టుకెళ్లే రోజు మాత్రం సేవ్ విడిగా, టమాటా అసలు వద్దు. శాండ్‌విచ్ పూర్తిగా చల్లారాక బటర్ పేపర్‌లో చుట్టండి.