భాగహారంలో మార్కులు పోయేది శేషం దగ్గరే

రైల్వే ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లందరూ అడిగేది ఒకటే: అరిథ్‌మెటిక్‌కి ఏ పుస్తకం చదవాలి? పుస్తకం సంగతి తర్వాత. ఆర్‌ఆర్‌బీ ఎన్‌టీపీసీ (రైల్వేలో నాన్-టెక్నికల్ ఉద్యోగాల పరీక్ష) మొదటి దశలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 54 సెకన్లు. తప్పు పెడితే మూడో వంతు మార్కు కోత. మ్యాథ్స్ 30 బిట్లలో సగటు, నిష్పత్తి, కాలం-పని ఏది చేసినా చివరికి భాగించాల్సిందే. అక్కడ చెయ్యి తడబడితే ఫార్ములాలు ఎన్ని వచ్చినా ఉపయోగం లేదు.

1000 గుడ్లు, ట్రేకి 30. ఎన్ని ట్రేలు నిండుతాయి, ఎన్ని మిగులుతాయి? చాలామంది రెండువైపులా ఒక్కో సున్నా కొట్టేసి 100ని 3తో భాగిస్తారు. భాగఫలం 33, అది కరెక్టే. శేషం 1 అని టిక్ పెడతారు, మార్కు పోతుంది. సున్నా కొట్టేశామంటే గుడ్లను పదేసి చొప్పున లెక్కపెడుతున్నట్టే. మిగిలింది ఒక గుడ్డు కాదు, ఒక పది. శేషం 10. ఆప్షన్లలో 1 మాత్రం తప్పకుండా ఉంటుంది, పేపరు తయారుచేసేవాళ్లకు మన అలవాట్లు బాగా తెలుసు. అదే లెక్కలో ‘గుడ్లన్నీ సర్దడానికి ఎన్ని ట్రేలు కావాలి’ అంటే 34. ‘చివరి ట్రే నిండాలంటే ఇంకా ఎన్ని కావాలి’ అంటే 20. భాగహారం ఒక్కటే, జవాబులు నాలుగు. అందుకే ప్రశ్నలో ఆఖరి లైను ముందు చదవండి.

భాగఫలం మధ్యలో సున్నా మింగేయడం ఇంకో జబ్బు. 5535ని 27తో భాగిస్తే 55లో 2 సార్లు, 1 మిగులు. 3 దించితే 13. అందులో 27 పోదు, కాబట్టి 0 వెయ్యాలి. అది వెయ్యకుండా 5 కూడా దించేస్తే జవాబు 25 వస్తుంది, అసలు జవాబు 205. మొదటి అంకె వందల స్థానంలో పడింది కాబట్టి జవాబులో మూడంకెలు ఉండాల్సిందేనని మొదలుపెట్టేముందే అనుకుంటే ఈ తప్పు జరగదు.

గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం)లో లెక్క తప్పేవాళ్లు తక్కువ, ప్రశ్న అర్థంకానివాళ్లు ఎక్కువ. 84 మంది అబ్బాయిలు, 126 మంది అమ్మాయిలు. గ.సా.భా. 42. ‘అబ్బాయిలు, అమ్మాయిలు వేర్వేరుగా, గదికి సమాన సంఖ్యలో కూర్చోవాలి, కనీసం ఎన్ని గదులు’ అంటే 42 అనేది ఒక్కో గదిలో కూర్చునే మంది. 84÷42, 126÷42 అంటే 2+3, జవాబు 5. ‘అన్ని గ్రూపుల్లో అబ్బాయిల సంఖ్య ఒకటే, అమ్మాయిల సంఖ్యా ఒకటే ఉండాలి, గరిష్ఠంగా ఎన్ని గ్రూపులు’ అంటే 42 ఇప్పుడు గ్రూపుల సంఖ్య, ఒక్కోదాంట్లో 2 మంది అబ్బాయిలు, 3 మంది అమ్మాయిలు. వచ్చిన 42 గ్రూపులా, మనుషులా? రఫ్ షీట్ మీద పక్కనే ఆ మాట రాసుకోండి. చాదస్తం అంటారు, అననివ్వండి. షార్ట్‌కట్ వీడియోలు వందల కొద్దీ చూసి, 17వ ఎక్కం దగ్గర ఆగిపోయేవాళ్లే అలా అంటారు. 25 దాకా ఎక్కాలు రోజూ పొద్దున్నే వల్లె వెయ్యాలి, అందులో నామోషీ ఏమీ లేదు.

క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) మోడళ్లు త్వరగా చూద్దాం. 12, 15, 18ల క.సా.గు. 180. ఈ మూడింటితో భాగించినప్పుడు ప్రతిసారీ శేషం 3 రావాలంటే 183. శేషాలు వరసగా 7, 10, 13 అయితే 12-7, 15-10, 18-13 అన్నీ 5, కాబట్టి 180-5=175. శేషం 3 వస్తూ 7తో నిశ్శేషంగా పోయే చిన్న సంఖ్య అడిగితే 183, 363 అంటూ ఒక్కోటీ భాగించొద్దు. 180ని 7తో భాగిస్తే శేషం 5. 5ను దేనితో గుణించి 3 కలిపితే 7 గుణిజం వస్తుంది? 5తో. 25+3=28. జవాబు 180×5+3=903.

ఈ మూడింటికీ నాలుగంకెల అతి చిన్న గుణిజం అడిగినప్పుడు 1000ని 180తో భాగిస్తే శేషం 100. ఆ 100ని కలిపి 1100 పెట్టేస్తారు. కలపాల్సింది 180-100, అంటే 80. జవాబు 1080. అతి పెద్దది అడిగితే మాత్రం శేషాన్ని నేరుగా తీసేయాలి: 9999ని 180తో భాగిస్తే శేషం 99, 9999-99=9900.

62, 132, 237లను భాగిస్తే ఒకే శేషం మిగిల్చే అతి పెద్ద సంఖ్య అడిగి, ఆ శేషం ఎంతో చెప్పకపోతే తేడాలు తియ్యండి: 70, 105, 175. వీటి గ.సా.భా. 35. ఆప్షన్ నొక్కేముందు ఒకటి సరిచూసుకోండి: 237=35×6+27, 62=35×1+27. రెండుచోట్లా 27 వచ్చింది, మూడోది చూడక్కర్లేదు, తర్వాతి బిట్‌కి వెళ్లిపోవచ్చు.