కత్తి గార్డులో సందు: రెండు వారాల తంటా

కత్తికి గార్డు (అలుగుకీ పిడికీ మధ్య ఉండే ఇత్తడి బిళ్ళ) తొడిగి ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పట్టుకుని చూశాను. ఎడమ పక్కన సన్నటి వెలుగు గీత. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకుల సెట్టు) పెడితే 0.25 మి.మీ. రేకు సుఖంగా దూరింది, కుడి పక్కన 0.1 కూడా కష్టం మీద పట్టింది. తప్పు నాదే. కత్తి దూరే చీలిక కోసం ఇత్తడి బిళ్ళకి 3.5 మి.మీ. బెజ్జాలు మూడు వరసగా వేసి, మిగిలింది సన్న ఆకురాయితో అరగదీస్తుంటే చివర్లో చెయ్యి ఒక్కసారి జారింది, అంతే.

కత్తి లారీ కమాన్ పట్టీతో చేసింది, 4 మి.మీ. మందం. ఈ ఉక్కు తుప్పు పడుతుంది, ఆ సందులోంచి నీళ్ళు పిడి లోపలికి దిగితే బయటికి కనపడకుండా తినేస్తుంది. కాబట్టి అందం సంగతి పక్కన పెట్టినా దాన్ని మూయక తప్పదు.

మొదటి ఆదివారం బద్ధకించి దగ్గరి దారి పట్టాను. అరగదీసిన ఇత్తడి రజను పోగు చేసి, మామూలు అరాల్డైట్‌లో (రెండు ట్యూబులూ సమానంగా, గట్టిపడటానికి ఒక రోజు) ముద్దగా కలిపి సందులో కూరాను. మర్నాడు ఎమరీ పేపర్‌తో రుద్ది చూస్తే ఇత్తడి రంగు ఎక్కడా లేదు, మురికి పట్టిన గోధుమ గీత! రజనులో ప్రతి నలుసు చుట్టూ జిగురు ఉంటుంది కదా, మెరుపు ఎక్కడి నుంచి వస్తుంది. పోనీ టంకం పెడదామా అంటే ఇది వంటింటి కత్తి, సీసం కలిసినది వద్దు. సీసం లేని తగరం-వెండి టంకం 221 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నేను ఈ కత్తిని పదును పోకుండా పెళుసుతనం తగ్గించడానికి ఓవెన్‌లో కాల్చింది 200 దగ్గర. కొంచెం అటూ ఇటూ అయితే ఉక్కు మెత్తబడి పడ్డ కష్టమంతా పోతుంది, ఆ టెన్షన్ నాకెందుకు.

మరుగుతున్న నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే జిగురు మెత్తబడింది, చెక్క ముక్క పెట్టి కొడితే గార్డు ఊడొచ్చింది. నూరు డిగ్రీలకి ఉక్కుకేమీ కాదు.

ఇక అసలు పద్ధతి: సందు అంచున సుత్తితో కొట్టి ఇత్తడినే సందులోకి జరపడం. ఇత్తడి కొట్టేకొద్దీ గట్టిపడి చీలుతుంది, అందుకని ముందు మెత్తబరచాలి. గదిలో లైటు ఆపేసి గ్యాస్ టార్చ్‌తో కాల్చాను. చీకట్లో మాత్రమే కనపడేంత మసక ఎరుపు రాగానే నీళ్ళలో ముంచేశాను. ఉక్కులా నీళ్ళలో ముంచితే గట్టిపడే రకం కాదిది, నిక్షేపంగా ముంచొచ్చు. పైన పట్టిన నలుపుకి చింతపండు గుజ్జు, ఉప్పు. (పులుసులోకి నానబెట్టింది తీసుకున్నావా అని అమ్మ సాయంత్రం దాకా సణిగింది.) తర్వాత గార్డుని దిమ్మ మీద బోర్లించి, సందు అంచుకి ఒక మిల్లీమీటరు ఎడంగా, సుత్తి గుండు వైపుతో చిన్న చిన్న దెబ్బలు వేసుకుంటూ వెళ్ళాను. పెద్ద దెబ్బ వేయకూడదు, బిళ్ళ వంగుతుంది. పది దెబ్బలకోసారి కత్తి పెట్టి చూసుకోవాలి. నేను చూసుకోలేదు, తీరా చూస్తే అసలు దూరడం లేదు.

సరే, అదీ మంచికే. కత్తి తోకకి (పిడిలోకి దిగే భాగం) దీపం మసి పూసి గార్డులో నెట్టి తీస్తే ఎక్కడ రాసుకుంటోందో అక్కడ నల్ల మచ్చ పడుతుంది, ఆ మచ్చనే ఆకురాయితో రెండు మూడు గీతలు. ఇలా పద్నాలుగు సార్లు. వెంట్రుకవాసి బిగువు మిగలగానే ఆపి, మేలట్‌తో తట్టి దించాను. దెబ్బల గుంటలు పోవడానికి ముఖం మీద దాదాపు 0.4 మి.మీ. అరగదీయాల్సొచ్చింది, 6 మి.మీ. బిళ్ళ కాబట్టి సరిపోయింది.

పిడికి నల్లతుమ్మ. గార్డుకి ఆనే ముఖాన్ని అద్దం మీద ఎమరీ పరిచి రుద్దితే చాలావరకు కలిసిపోయింది. ఒక మూల మాత్రం కొంచెం విడిపోయి ఉంది, దానికి అదే చెక్క పొడి, ఫెవిక్విక్. పొడి తడవగానే నల్లబడుతుంది కాబట్టి లేతరంగు భాగం నుంచి తీసుకోండి, వాసన కళ్ళకి ఎక్కుతుంది, కిటికీ తీసి పెట్టుకోండి.

నిన్న రాత్రి, పిడి ఇంకా అతికించకముందే, గార్డు మీద రెండు చుక్కల నీళ్ళు పోసి వెనక టిష్యూ కట్టి పావుగంట వదిలేశాను. కుడి పక్క పొడిగా ఉంది. ఎడమ మూల ఆవగింజంత తడి. అక్కడికి లోపలి నుంచి అరాల్డైట్ పెడుతున్నా, ఈసారి కనపడని చోట.