గ్రాట్యుటీ కోసం పద్నాలుగు నెలలు: ఒక ప్రైవేటు టీచర్ అనుభవం

2009 జూన్‌లో నేను ఆ బడిలో చేరినప్పుడు జీతం 3,500. 2023 ఏప్రిల్ నెలాఖరున మానేసే నాటికి 14,000. బ్యాంకు లెక్కలో మాత్రం 21,000. ఏళ్ల తరబడి పనిచేసి మానేసేవారికి యాజమాన్యం ఒకేసారి ఇవ్వాల్సిన డబ్బు గ్రాట్యుటీ. చివరికి నాకు అది పూర్తిగా దక్కింది ఈ తేడా వల్లే, అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

నెల మొదటి వారంలో ఖాతాలో 21,000 పడేది. మర్నాడు ఏటీఎంకు వెళ్లి 7,000 తీసి ఆఫీసు గదిలో అకౌంటెంట్ చేతికి ఇవ్వాలి. ఆయన నోట్లు లెక్కపెట్టుకుని, చిన్న పుస్తకంలో మా పేరు పక్కన టిక్కు పెట్టేవారు. రసీదు ఉండదు. ఒక రోజు ఆలస్యమైతే ఆయమ్మ స్టాఫ్ రూముకు వచ్చి, "టీచర్, సార్ డబ్బుల సంగతి అడగమన్నారు" అని అందరి ముందూ చెప్పేది. మేం కష్టపడి సంపాదించిన డబ్బును అప్పు తీరుస్తున్నట్టు తలదించుకుని తీసుకెళ్లి ఇచ్చేవాళ్లం. మే ఎండల్లో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగడం, పిల్లలు చేరకపోతే మాటలు పడటం, డిగ్రీ, బి.ఇడి. ఒరిజినల్స్ వాళ్ల బీరువాలో ఉండిపోవడం ఇవన్నీ ప్రైవేటు టీచర్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

మానేసిన రోజు గ్రాట్యుటీ మాట ఎత్తితే కరస్పాండెంట్ సార్, "మీరేమైనా గవర్నమెంటు టీచరా అమ్మా?" అన్నారు. ఆ మాటతో చాలామంది వెనక్కి వచ్చేస్తారు. నేనూ వచ్చేసేదాన్నే. మాతో పనిచేసి మానేసిన లెక్కల టీచర్ అక్క ఒకరు నన్ను కూర్చోబెట్టి విషయం చెప్పారు. టీచర్లు గ్రాట్యుటీ చట్టం కిందికి రారని 2004లో సుప్రీంకోర్టు అన్న మాట నిజమే. కానీ 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా టీచర్లను చేర్చింది. ప్రైవేటు బడుల యాజమాన్యాలు దాని మీద కోర్టుకు వెళ్తే, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. ఐదేళ్లు నిండితే చాలు, మనంతట మనం రాజీనామా చేసినా ఇవ్వాల్సిందే.

ముందు సర్టిఫికెట్లు బయటికి తెచ్చుకున్నాను. యాజమాన్యానికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం, జిల్లా విద్యాశాఖాధికారికి నకలు. వారం తిరక్కుండా పిలిచారు. గోధుమరంగు కవరులో నా బి.ఇడి. మెమో, దాని మూలన పద్నాలుగేళ్ల గుండుసూది తుప్పు మరక. దాంతోపాటు ఒక టైపు చేసిన కాగితం ముందుకు జరిపారు: "నాకు రావలసినవన్నీ ముట్టినవి." సంతకం చేస్తేనే కవరు అన్నారు. చేతులు వణికాయి. ఆ వాక్యం కొట్టేసి, "సర్టిఫికెట్లు మాత్రమే అందుకున్నాను" అని నా చేత్తో రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. అకౌంటెంట్ మొహం మాడ్చుకున్నారు గానీ కవరు ఇచ్చేశారు. ఇలాంటి కాగితం మీ ముందుకూ వస్తుంది, చదవకుండా సంతకం పెట్టకండి.

ఇక దరఖాస్తు. అప్పటి నిబంధనల ప్రకారం మొదట యాజమాన్యానికే ఫారం-ఐ, అంటే గ్రాట్యుటీ ఇవ్వమని అడిగే దరఖాస్తు, పంపాల్సి ఉండేది. అందులో చివరి జీతం ఎంతో రాయాల్సి ఉండేది. నేను 14,000 అని రాసుకున్నాను. అక్క నా పాస్‌బుక్ తెరిచి వేలు పెట్టి చూపించారు. ప్రతి నెలా రెండు వరుసలు: 21,000 జమ, దాని కిందే 7,000 ఖర్చు. ఏ పేజీ తిప్పినా అవే రెండు వరుసలు. "నీ జీతం ఇదమ్మా. కిందిది వాళ్లు నీ దగ్గర లాక్కున్నది" అన్నారు. చేతికి మిగలని డబ్బు మీద లెక్క కట్టి అడగడం తప్పేమోనని రెండు రోజులు మథనపడ్డాను. మూడో రోజు ఆ అంకె కొట్టేసి 21,000 రాశాను.

లెక్క ఇలా కడతారు: చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో మళ్లీ గుణించాలి. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి నావి పద్నాలుగేళ్లు. మొత్తం 1,69,615.

ముప్పై రోజులు గడిచినా జవాబు లేదు. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మాత్రం వాళ్ల ముద్రతో తిరిగొచ్చింది. దాన్ని జతచేసి అసిస్టెంట్ లేబర్ కమిషనర్ కార్యాలయంలో ఫారం-ఎన్, అంటే యాజమాన్యం ఇవ్వలేదని అధికారికి చేసుకునే దరఖాస్తు, ఇచ్చాను. వకీలును పెట్టుకోలేదు, ఆ స్తోమత లేదు. ట్యూషన్లు మానుకుని బస్సెక్కి వెళ్లడం, వాళ్ల తరఫున ఎవరూ రాకపోవడం, వాయిదా. నాలుగు వాయిదాలు అలాగే పోయాయి. మధ్యలో ఒకసారి ఇంటికి మనిషిని పంపి, 40,000 తీసుకుని కేసు వదిలేయమన్నారు. అప్పుడు ఇంట్లో ఆ డబ్బు అవసరం చాలా ఉంది. అయినా వద్దన్నాను.

చివరికి వాళ్ల వకీలు వచ్చి, నేను 2009లో చేరినట్టు ఆధారం లేదన్నారు. నాకు నియామక పత్రం ఇవ్వని మాట నిజమే. కానీ 2018లో బ్యాంకు అప్పు కోసం అదే బడి ఇచ్చిన జీతం సర్టిఫికెట్ నకలు నా దగ్గర ఉంది, అందులో చేరిన తేదీ ఉంది. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు నన్ను పిలిచిన ఉత్తర్వుల్లో బడి పేరు ఉంది. కోవిడ్ కాలంలో సర్వీసు తెగిపోయిందని వాదించారు. 2021లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది కదా, ఆ 2,000 నా ఖాతాలో పడిన పద్దు చూపించాను. ఆ బియ్యం కోసం వరుసలో నిలబడ్డ రోజు సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అదే నాకు సాక్ష్యమైంది.

ఆఖరి అస్త్రంగా, "ఆమె అసలు జీతం 14,000 మాత్రమే" అన్నారు. అధికారి పాస్‌బుక్ ప్రతిని వాళ్ల వైపు తిప్పి, "మరి ఈ 21,000 ఎవరు వేశారు?" అని అడిగారు. వకీలు అకౌంటెంట్ వైపు చూశారు. అకౌంటెంట్ నేల చూపులు చూశారు. అది జీతమేనంటే పూర్తి గ్రాట్యుటీ ఇవ్వాలి, కాదంటే ఏడు వేలు ఎటు పోయాయో చెప్పాలి. ఆ గదిలో నిశ్శబ్దం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఉత్తర్వు నా పక్షాన వచ్చింది. ఆలస్యానికి పది శాతం సాధారణ వడ్డీతో కలిపి 1,89,403. అప్పీలుకు వెళ్లాలంటే ఆ మొత్తం ముందు డిపాజిట్ చేయాలి కాబట్టి కాబోలు, వెళ్లలేదు. 2024 ఆగస్టులో చెక్కు ఇచ్చారు.

కోవిడ్‌లో ఎగ్గొట్టిన ఎనిమిది నెలల జీతం మాత్రం రాలేదు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచర్లు 'వర్క్‌మన్' (కార్మికులు) కారని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. అందువల్ల మాకు లేబర్ కోర్టు తలుపు మూసే ఉండేది. నెలనెలా తిరిగిచ్చిన ఏడు వేలూ రాలేదు. ఆ బడిలో నా స్నేహితురాళ్లు ఇప్పటికీ ఏటీఎం నుంచి నేరుగా ఆఫీసు గదికే వెళ్తున్నారు.