భుజం పట్టేసిందనుకున్నాం

నెల తప్పి పది రోజులు. ఇంట్లో టెస్ట్ చేస్తే రెండు గీతలు వచ్చాయి. మర్నాటి నుంచే కొద్దికొద్దిగా బ్రౌన్ రంగులో కనపడేది. మా ఊళ్లో డాక్టర్ “మొదట్లో కొందరికి మామూలే” అని మాత్రలు రాసి పంపారు. నాకేమో పొత్తికడుపులో కుడివైపు ముల్లు గుచ్చినట్టు ఉండేది.

ఆగలేక గుంటూరు వెళ్లాం. లోపలి నుంచి చేసే స్కాన్‌లో గర్భసంచి ఖాళీ. రక్తపరీక్షలో గర్భం హార్మోన్ బీటా హెచ్‌సీజీ 1,480. “ఈ నంబరుకి ఇంకా కనపడకపోవచ్చు. ఒక్క రిపోర్టుతో తేల్చలేమమ్మా, 48 గంటలయ్యాక మళ్లీ చేద్దాం” అన్నారు మేడమ్. గర్భం సరిగ్గా ఉంటే ఆ రెండు రోజుల్లో కనీసం సగమైనా పెరగాలట. నాది 1,790 దగ్గర ఆగింది. పిండం గర్భసంచిలో కాకుండా దాని పక్కనుండే ట్యూబులో ఉండొచ్చనే మాట అప్పుడే మొదటిసారి విన్నాను. ట్యూబు చిట్లకపోతే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తో కరిగించే వీలుందని, పొద్దున్నే రమ్మని చెప్పారు. ఈలోగా ఏది కనపడితే పరుగెత్తుకు రావాలో కూడా చెప్పారు. అందులో భుజం నొప్పి ఉందో లేదో, నా టెన్షన్‌లో నాకు గుర్తు లేదు.

ఆ రాత్రి కుడి భుజం పైన పోటు మొదలైంది. బస్సులో కూర్చుని పట్టేసిందనుకుని అమ్మ జండూబామ్ రాసింది. లేచి కూర్చుంటే కాస్త నయం, పడుకుంటే మళ్లీ పోటు. తెల్లవారుజామున కళ్లు బైర్లు కమ్మి బాత్రూమ్ గుమ్మంలో పడిపోయాను. కడుపులో కారిన రక్తం పైకి చేరి ఛాతీకీ కడుపుకీ మధ్యనుండే కండరపు పొర డయాఫ్రమ్‌ని తాకితే నొప్పి భుజంలో తెలుస్తుందట.

హిమోగ్లోబిన్ 7.4. ఇంజెక్షన్ మాట ఇక ఎవరూ ఎత్తలేదు. మెట్టెలు రాకపోతే సిస్టర్ సబ్బునీళ్లు పోసి లాగింది. మా ఆయన వాటిని చొక్కా జేబులో వేసుకుని, తడి చేత్తోనే సంతకం పెట్టారు. నాది ఓ నెగటివ్. రక్తం కోసం ఆయన ఎంతమందికి ఫోన్ చేశారో! చిన్న గాట్లతో ల్యాప్రోస్కోపీ చేసి, చిట్లిన కుడి ట్యూబు తీసేశారు. నెగటివ్ కాబట్టి, తర్వాతి గర్భానికి ఇబ్బంది రాకుండా యాంటీ-డీ ఇంజెక్షన్ కూడా ఇచ్చారు. ఎడమ ట్యూబు బాగుందన్నారు.

మెలకువ వచ్చేసరికి మళ్లీ అదే భుజం! గుండె ఆగినంత పనైంది. “ఆపరేషన్‌కి కడుపులోకి గ్యాస్ ఎక్కిస్తారు కదమ్మా, రెండ్రోజుల్లో పోతుంది” అంది సిస్టర్.

మంచం మాత్రం బాలింతల మధ్య ఇచ్చారు. రాత్రంతా పసిపిల్లల ఏడుపులు. అత్తయ్య వెళ్లి గట్టిగా అడిగితే, చివర్లో బాత్రూమ్ పక్కన ఒకటి ఖాళీగా ఉందన్నారు. సెలైన్ స్టాండు పట్టుకుని అక్కడికే మారాను.